నీటి ఒడ్డున వసంతం



ఋతువుల మీద వ్యాసం రాయమంటే మీలో చాలామందికి మూడే మాటలు గుర్తొస్తాయి: చైత్ర వైశాఖాలు, మామిడి చిగురు, కోయిల కూత. ఈసారి ఎనిమిదో తరగతి పాప ఒకతె మాత్రం ఇలా రాసింది: "మా పిన్ని వాళ్ళ ఊళ్ళో వసంతంలో పొద్దున ఎండ, మధ్యాహ్నం చలి, రాత్రి మంచు." పిన్నిగారు ఉండేది అమెరికాలో, చికాగో దగ్గర, మిషిగన్ సరస్సు ఒడ్డున. పక్క బెంచీ వాళ్ళు నవ్వారు గానీ ఆ వాక్యంలో తప్పేమీ లేదు. అది ఎలా సాధ్యమో చూద్దాం.

ముందు మన బమ్రోలి నుంచే మొదలుపెడదాం. మార్చి నెల మధ్యాహ్నం మేడ మీదికి చెప్పుల్లేకుండా వెళ్ళి చూడండి. అరికాళ్ళు కాలతాయి. అక్కడే ఉన్న బకెట్లో నీళ్ళు మాత్రం గోరువెచ్చగానే ఉంటాయి. ఎండ రెంటి మీదా ఒక్కలాగే పడింది కదా! ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 జౌళ్ళు కావాలి. పొడి ఇసుకకు అందులో అయిదో వంతు చాలు. సైన్సు పుస్తకంలో దీన్నే విశిష్టోష్ణం అంటారు. నీరు మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లబడుతుంది. అందుకే పగటిపూట నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి నీటి మీది చల్లని గాలి ఒడ్డుకు వస్తుంది. సూరత్‌లో మధ్యాహ్నం దాటాక డుమస్ వైపు నుంచి వచ్చే పడమటి గాలి ఇదే. కోస్తా ఆంధ్రలో సాయంత్రం ఇలాంటి చల్లగాలి తగిలితే "పైరగాలి తిరిగింది" అంటారు.

ఇప్పుడు ఆ పిన్నిగారి ఊరికి వెళ్దాం. సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో అని అక్కడ అయిదు మహా సరస్సులు. ఒక్క సుపీరియర్ విస్తీర్ణమే సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో ముప్పాతిక వంతు. అయిదూ కలిపితే దాదాపు 2,44,000. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటినీ కలిపిన నేల కంటే కొంచెం మాత్రమే తక్కువ. అంత నీరు చలికాలమంతా గడ్డకట్టేంత చల్లగా ఉండి, వసంతంలో ఒక్కసారిగా వేడెక్కమంటే వేడెక్కుతుందా?

ఇక్కడ నీటికి ఇంకో వింత గుణం ఉంది. మంచినీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. మంచు కరిగాక పైనున్న నీరు ఒక డిగ్రీ నుంచి రెండుకో, మూడుకో చేరితే తేలికై పైన నిలవదు, బరువెక్కి కిందికి దిగిపోతుంది. అడుగునున్నది పైకొస్తుంది. అలా నీరంతా నాలుగు డిగ్రీలకు చేరేదాకా పైభాగం వేడెక్కడం మొదలే కాదు. సుపీరియర్ సగటు లోతు 147 మీటర్లు. ఈరీ సగటు లోతు 19 మీటర్లే కాబట్టి అది ముందుగా వెచ్చబడుతుంది. వసంతంలో లోతైన సరస్సు చలికాలాన్ని దాచిపెట్టుకున్న పెట్టె లాంటిది.

చికాగోకు సరస్సు తూర్పున ఉంది. ఏప్రిల్లో గాలి నేల వైపు నుంచి వీస్తే చొక్కాతో తిరగవచ్చు. గాలి మళ్ళి తూర్పు నుంచి వస్తే కోటు వెతుక్కోవాలి. ఒకే రోజు, ఒకే నగరంలో, ఒడ్డున ఒక ఎండ, లోపల ఒక ఎండ. అక్కడి వాతావరణ సూచనల్లో "సరస్సు పక్కన మరింత చల్లన" అనే మాట ఎంత మామూలో, మన దగ్గర "అక్కడక్కడ జల్లులు" అంత మామూలు. మిల్వాకీ ప్రాంతంలో సరస్సు మీదుగా దూసుకొచ్చే గాలికి ఉష్ణోగ్రత ఒక్క గంటలో 9 డిగ్రీలు, ఒక్కోసారి అంతకు మించి పడిపోవడం ఉంది. దానికి అక్కడివాళ్ళు న్యుమోనియా పేరే పెట్టారు! "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అనే మన సామెత అక్కడ చెల్లదు. ఉగాది పచ్చడికి వేపపువ్వు చెట్టు మీంచి కోసుకునే వీలూ లేదు, ఎండబెట్టినది ఇంటి నుంచి వెళ్ళాల్సిందే.

ఈ చలిని తిట్టుకునే ముందు మిషిగన్ రాష్ట్రపు పండ్ల తోటల సంగతి వినండి. సరస్సుకు తూర్పు ఒడ్డున చెర్రీ, ఆపిల్ తోటలు విస్తారంగా ఉన్నాయి. నీటి మీది చల్లగాలి వల్ల చెట్లు తొందరపడి పూయవు. తీరా పూసేసరికి మంచు కురిసే ప్రమాదం చాలావరకు దాటిపోతుంది. చలే తోటకు కాపలా. 2012 మార్చిలో ఈ లెక్క తప్పింది. ఎండాకాలం లాంటి వేడి రోజుల తరబడి నిలిచి, చెట్లు ముందే మొగ్గ తొడిగాయి. ఏప్రిల్లో మళ్ళీ మంచు పడింది. ఆ ఏడు మిషిగన్ పుల్ల చెర్రీ పంటలో దాదాపు 90 శాతం పోయింది. నాకైతే వసంతం మీద ఎన్ని వర్ణనలు చదివినా, ఈ ఒక్క సంగతి చెప్పినంత ఏదీ చెప్పలేదు.

మరి మన సరస్సులు? కృష్ణా గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు, శ్రీహరికోటకు పడమటి వైపున పులికాట్. పులికాట్ ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత రెండోది. బదిలీల్లో భాగంగా సూళ్ళూరుపేట వైపు ఉన్న రోజుల్లో మార్చి నెలాఖరుకు నీరు వెనక్కి తగ్గి, బురద నెర్రెలు విచ్చడం చూశాను. ఈ రెండు సరస్సులూ లోతు తక్కువ, చలికాలంలోనూ వెచ్చనివే. కాబట్టి చికాగోలా ఊరిని వణికించలేవు. అక్కడ గాలిని నడిపించేది పక్కనున్న బంగాళాఖాతమే. మన తాపీ నది మీద ఉకాయ్ జలాశయం పెద్దదే గానీ, బమ్రోలి గాలిని మార్చేది అరేబియా సముద్రమే.

మన వసంతంలో గండం వేరే రకంగా వస్తుంది. మీ ఇళ్ళలో చాలామంది వరంగల్, నల్గొండ, కరీంనగర్ వైపు నుంచి సాంచాల పనికి వచ్చినవాళ్ళు. అక్కడ తాతలు, నానమ్మలు ఇంకా వ్యవసాయం చేస్తున్నారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మిర్చి కల్లాల్లో ఆరుతుంటుంది. నేల బాగా కాగి, తేమగాలి తోడైతే సాయంత్రానికి మబ్బులు గోడల్లా లేస్తాయి. గాలిదుమారం, ఉరుములు, రాళ్ళవాన. గంటసేపు కురిసి వెళ్ళిపోతుంది. కాయ తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది, ధర పడిపోతుంది. గుజరాతీలో అకాల వర్షానికి మావఠు అని ఒక్క మాట ఉంది, అది మీ అందరికీ తెలుసు. నానమ్మ ఫోన్లో "గాలిదుమారం లేచింది బిడ్డా, కల్లం తడిసింది" అన్నప్పుడు, కల్లం అంటే ఏమిటని అడిగిన పిల్లలు మన తరగతిలోనే ఉన్నారు. ఆ మాట తెలియకపోతే నానమ్మకు ఏం నష్టం జరిగిందో మీకు తెలియదు. ఆమె అయ్యో అనే మాట కోసం ఎదురుచూస్తుంటే మీరు ఊఁ అని ఊరుకుంటారు.

అందుకని ఈ పాఠానికి అభ్యాసం కాగితం మీద మాత్రమే కాదు. వారం రోజులు, పొద్దున పదకొండింటికి, సాయంత్రం నాలుగింటికి మేడ మీద ఒక పలుచని గుడ్డ కట్టి గాలి ఎటు నుంచి వస్తోందో రాసుకోండి. గాలి ఏ వేళకు పడమటికి మళ్ళిందో గుర్తుపెట్టండి. ఆదివారం నానమ్మకో అమ్మమ్మకో ఫోను చేసి, వాళ్ళ ఊళ్ళో ఈ కాలపు గాలికి, వానకు, మబ్బుకు ఉన్న పేర్లు అడగండి. ఒకే దానికి రెండు ఊళ్ళలో రెండు పేర్లు వస్తే రెండూ రాయండి, దేన్నీ కొట్టెయ్యవద్దు. చికాగో పిన్నిగారికి కూడా ఒక ప్రశ్న పంపుతున్నాం: సరస్సు మీంచి వచ్చే ఆ గాలిని వాళ్ళింట్లో తెలుగులో ఏమంటున్నారు?