బ్రిటన్ మెడిసిన్ ఇంటర్వ్యూకి సిద్ధమవుతున్నారా?

మన దేశంలో ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకును బట్టి వస్తుంది. ఎవరూ ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడగరు. బ్రిటన్‌లో అలా కాదు. ఎ-లెవెల్స్ (అక్కడి ప్లస్ టూ స్థాయి పరీక్షలు) మార్కులు, యూక్యాట్ ప్రవేశ పరీక్ష స్కోరు ఎంత బాగున్నా ఇంటర్వ్యూలో నెగ్గాలి. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలకైనా, ఇక్కణ్నుంచి దరఖాస్తు చేసేవారికైనా ఇదే నియమం. 'కీ' ఉన్న పరీక్షలకు అలవాటుపడి, ఇంటర్వ్యూకీ జవాబులు బట్టీ పడితే నష్టపోతారు. మీరెలా ఆలోచిస్తారో, ఎదుటివారి మాట ఎలా వింటారో అక్కడ చూస్తారు.

గడువులు

యూనివర్సిటీ దరఖాస్తులు స్వీకరించే యూకాస్ ద్వారా మెడిసిన్‌కు దరఖాస్తు చేయడానికి ఆఖరు తేదీ అక్టోబరు 15. నాలుగు మెడికల్ కోర్సులకు మించి ఎంచుకోవడానికి వీల్లేదు. యూక్యాట్ అంతకుముందే రాయాలి. ఇంటర్వ్యూలు ఎక్కువగా డిసెంబరు నుంచి మార్చి దాకా జరుగుతాయి. పిలుపు వచ్చాక దొరికే సమయం తక్కువ కాబట్టి దరఖాస్తు పంపిన వెంటనే సాధన మొదలుపెట్టండి.

ఇంటర్వ్యూ తీరు

చాలా మెడికల్ స్కూళ్లు 'మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ' (ఎంఎంఐ) నిర్వహిస్తాయి. 2000 దశకం తొలినాళ్లలో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో ఇది రూపుదిద్దుకుంది. అభ్యర్థి వరసగా కొన్ని స్టేషన్లు దాటుతాడు. ఒక్కోచోట ఒక్కో పరీక్షకుడు, ఒక్కో అంశం, సాధారణంగా ఐదు నుంచి పది నిమిషాలు. ఏ ఒక్కరి అభిప్రాయం మీదో ఫలితం ఆధారపడకూడదన్నది దీని ఉద్దేశం. అందుకే ఒక స్టేషన్ సరిగా రాకపోయినా దాన్ని మనసులోంచి తీసేసి తర్వాతి గదిలోకి అడుగుపెట్టాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో తీరు వేరు. సైన్స్ మీద తెలియని సమస్య ఇచ్చి, దాన్ని పైకి మాట్లాడుతూ ఎలా విప్పుతారో చూస్తారు.

డాక్టరే ఎందుకు?

'సేవ చేయాలని' అంటే చాలదు. నర్సు కూడా సేవే చేస్తుంది కదా అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. 'అమ్మానాన్నా డాక్టర్లు' అన్నదీ కారణం కాదు. మీరు కళ్లారా చూసినదాన్ని చెప్పండి. వృద్ధాశ్రమంలో వాలంటీరుగా పనిచేశారా? ఇంగ్లిష్ రాని అమ్మమ్మ వెంట జీపీ (కుటుంబ వైద్యుడు) దగ్గరికి వెళ్లి మాటలు తెలుగులో వివరించారా? అక్కడ ఏం గమనించారు, దాంతో మీ ఆలోచన ఎలా మారింది? ఎన్ని గంటలు గడిపారన్నదానికన్నా ఈ జవాబుకే విలువెక్కువ.

నైతిక ప్రశ్నలు

పదిహేనేళ్ల అమ్మాయి గర్భనిరోధక మాత్రలు అడిగింది, ఇంట్లో చెప్పొద్దంది. డాక్టరుగా మీరేం చేస్తారు? వెంటనే తీర్పు చెప్పకండి. ఆమె ఇష్టం, ఆమెకు మేలు, హాని కలగకుండా చూడటం, అందరికీ న్యాయం అనే నాలుగు కోణాల నుంచి పరిశీలించండి. ఆమెను ఎవరైనా బలవంతపెడుతున్నారేమో కనుక్కోవాలని చెప్పండి. తల్లిదండ్రులతో మాట్లాడమని నచ్చజెప్పాలి. చికిత్స గురించి పూర్తిగా అర్థం చేసుకోగలిగితే పదహారేళ్లలోపు వారూ సమ్మతి ఇవ్వవచ్చని 1985లో గిల్లిక్ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. డాక్టర్లను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ వెలువరించే 'గుడ్ మెడికల్ ప్రాక్టీస్' చదివితే ఇలాంటి విషయాల్లో పట్టు వస్తుంది.

నటుడితో సంభాషణ

'పొరుగింటివారి పిల్లి మీ కారు కింద పడింది, వెళ్లి చెప్పండి' లాంటి సన్నివేశమిచ్చి, ఎదుటి పాత్రలో ఒక నటుణ్ని కూర్చోబెట్టవచ్చు. డొంకతిరుగుడు లేకుండా విషయం చెప్పి, క్షమాపణ అడిగి, మౌనంగా ఉండండి. ఎదుటివారు ఏడ్చినా, కోప్పడినా వాళ్లను మాట్లాడనివ్వండి. సాకులు వెతక్కండి.

సాధన

గడియారం పెట్టుకుని స్నేహితులతో పైకి మాట్లాడుతూ సాధన చేయండి. ఫోన్‌లో రికార్డు చేసి వింటే తొందరపాటు, ఊతపదాలు తెలిసిపోతాయి. జవాబు మొత్తం రాసుకోకుండా ముఖ్యాంశాలే గుర్తుపెట్టుకోండి. వేలకు వేలు పోసి కోచింగ్‌లో చేరేముందు మెడికల్ స్కూల్స్ కౌన్సిల్ ఉచితంగా ఇస్తున్న మార్గదర్శకాలు చదవండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలకు జవాబులు నేర్పకండి. రోజూ భోజనాల దగ్గర ఒక ప్రశ్న వేసి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి. తన మాటను తానే ఆలోచించి చెప్పగల విద్యార్థి ఏ ప్రశ్నకూ బెదరడు.