పోటీ పరీక్షల ప్రత్యేకం: ఆభా, ఆరోగ్య రికార్డుల అనుసంధానం

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను 2020 ఆగస్టు 15న ప్రకటించారు. తొలుత 6 కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా నడిపి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించారు. అమలు సంస్థ జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ. రోగి ఆరోగ్య రికార్డులను అనుసంధానించే ఆరోగ్య ఖాతాయే ఆభా; దాని సంఖ్యలో 14 అంకెలుంటాయి.

అభ్యర్థులు తరచూ పొరబడే అంశం ఒకటుంది. రోగుల రికార్డులన్నీ ఢిల్లీలో ఒకేచోట పోగుపడవు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. గుంటూరు ల్యాబ్‌లో చేయించిన రక్తపరీక్షను హైదరాబాద్ డాక్టరు చూడాలనుకుంటే ముందు రోగి ఫోన్‌కు అభ్యర్థన వస్తుంది. ఏ రికార్డులు, ఏ తేదీల మధ్యవి, ఎందుకోసం, ఎప్పటిదాకా అన్నవి అందులో ఉంటాయి. రోగి ఒప్పుకుంటేనే సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి బయల్దేరుతుంది. సమ్మతి వ్యవహారం చూసే వ్యవస్థకు కూడా అందులోని విషయం కనబడదు. ఇచ్చిన సమ్మతిని తర్వాత రద్దు చేసుకోవచ్చు.

రెండు ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్లు వేరైనా రికార్డు ఒకేలా అర్థం కావాలి కదా! అందుకు వాడే ప్రమాణం ఫైర్. రూపకర్త హెచ్‌ఎల్7 సంస్థ. రోగాల పేర్లు, వైద్య పదాలకు స్నోమెడ్ సీటీ, ల్యాబ్ పరీక్షలకు లోయింక్ కోడ్‌లున్నాయి. మన దేశం ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను 2013లో తెచ్చి, 2016లో సవరించింది.

ఆభా ఉంటే రూ.5 లక్షల బీమా వచ్చేసినట్టు కాదు. ఆ బీమా 2018లో మొదలైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనది, దాని అర్హతలు వేరు.