బొత్తాము కథ

పిల్లలూ! ఈ ఉదయం బడికి వచ్చేముందు చొక్కా బొత్తాములు పెట్టుకొన్నారు కదా! ఉన్నంతకాలం బొత్తాము సంగతి ఎవరికీ పట్టదు. ఊడిపోయినప్పుడే గుర్తుకు వస్తుంది. ఆ చిన్న వస్తువుకు పెద్ద కథ ఉన్నది.

మన పూర్వులు కట్టుకొన్న పంచెకు, చీరకు బొత్తాముతో పనిలేదు. కుట్టిన అంగీలను నాడాలతో ముడివేసుకొనేవారు. 16వ శతాబ్దిలో పోర్చుగీసు వర్తకులు మన తూర్పు తీరానికి వచ్చారు. వారు నివసించిన రేవులలో శోళవరానికి ఈశాన్యాన ఉన్న పులికాట్ ఒకటి. మన నేతగాండ్రు నేసిన బట్టలు ఆ రేవు నుంచి దూరదేశాలకు వెళ్లేవి. పోర్చుగీసు మాట 'బొతావ్' తెలుగులో 'బొత్తాము', తమిళంలో 'పొత్తాన్' అయింది. బొత్తాము దూరే రంధ్రాన్ని దర్జీలు 'కాజా' అంటారు. అదీ పోర్చుగీసు మాటే. ఆ భాషలో దానికి 'ఇల్లు' అనే అర్థం కూడా ఉన్నది. కాజా అంటే బొత్తాము కాపురముండే ఇల్లన్నమాట!

బొత్తాము ఆ మాటకంటె ఎంతో పాతది. నాలుగువేల ఏండ్లకు పూర్వమే సింధులోయ ప్రజలు చిప్పలతో బొత్తాములు చేసి, వాటికి రంధ్రాలు పొడిచారు. అయితే అవి అలంకారానికే. 13వ శతాబ్దిలో ఐరోపాలో కాజాలు కుట్టడం వాడుకలోకి వచ్చింది. అప్పటినుంచి ఒంటికి అమరే దుస్తులు పెరిగాయి. ఇల్లు దొరికిన తరువాతనే బొత్తాముకు పని దొరికింది.

1891లో జాన్ బెపుల్ అనే జర్మన్ పనివాడు అమెరికాలోని మస్కటీన్ పట్టణంలో నది ఆల్చిప్పలతో బొత్తాములు చేయసాగాడు. చిప్పలను నానబెట్టి, గుండ్రని రంపంతో బిళ్లలు కోసి, అరగదీసి, రంధ్రాలు చేసి, మెరుగుపెట్టేవారు. కొద్ది ఏండ్లలోనే అక్కడ కర్మాగారాలు పెరిగాయి. ఆశకు అంతులేకపోవడంతో నదిలో చిప్పలు తరిగిపోయాయి. ఆపైన ప్లాస్టిక్ బొత్తాములు వచ్చి ఆ వృత్తిని దెబ్బతీశాయి. మన దేశంలో బీహారులోని మెహ్సీ కూడా నది చిప్పల బొత్తాములకు పేరుపొందింది.

దర్జీ దుకాణంలో పని నేర్చుకొనేవారికి మొదట అప్పగించేది కాజాలు, బొత్తాములే. కోసిన అంచున పోగులు ఊడకుండా దారాన్ని దగ్గరదగ్గరగా కుట్టాలి. బొత్తాము కింద దారం చుట్టి, కాస్త ఎత్తు ఉంచాలి. లేకపోతే బట్ట ముడత పడుతుంది. చూడటానికి చిన్నపని. కాని కంటికీ వేలికీ అదే మొదటి బడి. ఆ పని చేసిన చేతులను చొక్కా తొడుక్కొనేటప్పుడు ఒకసారి తలచుకొందాం.

అభ్యాసము

1. 'కాజా' అనే మాటకు పోర్చుగీసులో ఉన్న అర్థమేమి?
2. మస్కటీన్‌లో చిప్పల బొత్తాముల వృత్తి ఎందుకు దెబ్బతిన్నది?
3. మీ ఊరి దర్జీని అడిగి, కాజా కుట్టే విధానాన్ని ఐదు వాక్యాలలో రాయండి.