బలం మాత్రలు, పొడులు – మన లివర్



ఓపీకి వచ్చినా, వార్డులో చేరినా రోగిని మేము తప్పక అడిగే మాట ఒకటుంది. "ఇంట్లో ఏమైనా మందులు వాడుతున్నారా?" చాలామంది "ఏమీ లేవు సిస్టర్" అంటారు. తర్వాత మాటల్లో బయటపడుతుంది. పొద్దున ఒక మల్టీ విటమిన్, జుట్టు రాలుతోందని ఒక క్యాప్సూల్, రాత్రి నిద్రకని పాలల్లో అశ్వగంధ పొడి. వీరు దాచాలని దాచరు. డాక్టరు చీటీ లేకుండా దొరికేది మందు కాదని వారి నమ్మకం. లివర్‌కు మాత్రం ఈ తేడా తెలియదు.

లివర్ మన కుడి పక్కటెముకల కింద ఉంటుంది. పెద్దవారిలో కిలోన్నర వరకు బరువు తూగుతుంది. పేగుల నుంచి వచ్చే రక్తం ఒక పెద్ద నాళం ద్వారా ముందుగా లివర్‌కే చేరుతుంది. మనం మింగినవాటిలో చాలావాటిని మార్చి, విషాన్ని విరిచి బయటకు పంపేది అదే. కూరలో చిటికెడు పసుపును అది సులువుగా సర్దుకుంటుంది. అదే పసుపు సారాన్ని గాఢంగా చేసి, బాగా ఒంటబట్టాలని మిరియాల సారం కలిపి క్యాప్సూల్‌గా అమ్మినప్పుడు సంగతి వేరు. అలాంటివి వాడి లివర్ దెబ్బతిన్న పది మంది వివరాలను అమెరికా డాక్టర్లు 2022లో ప్రచురించారు. వారిలో ఒకరు చనిపోయారు.

విటమిన్లలోనూ తేడాలున్నాయి. సి విటమిన్ ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. ఎ విటమిన్ అలా పోదు, లివర్‌లోనే నిల్వ ఉంటుంది. మాత్రల రూపంలో పెద్దవారు రోజుకు 10,000 యూనిట్లు దాటకూడదు. ఒక డబ్బాలో తక్కువే ఉన్నా, మూడు డబ్బాలు కలిపితే లెక్క దాటిపోవచ్చు. క్యారెట్, మునగాకు, బొప్పాయి తినేవారికి ఈ భయం లేదు, శరీరం కావలసినంతే ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది.

ఇక మన ఇళ్లలో జరిగిన విషయానికి వద్దాం. 2020లో కరోనా వచ్చినప్పుడు రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ కషాయం కాచుకోని వీధి లేదు. ఆ ఏడాది సెప్టెంబరు, డిసెంబరు మధ్య ముంబయిలో ఆరుగురు రోగులు కామెర్లు, లివర్ వాపుతో వచ్చారు. అందరూ తిప్పతీగ వాడినవారే, ఒకరు ప్రాణం కోల్పోయారు. తర్వాత దేశంలోని 13 ఆసుపత్రుల డాక్టర్లు కలిసి ఇలాంటి 43 మంది రోగుల వివరాలను 2022లో ప్రచురించారు. అందులో మన హైదరాబాద్ డాక్టర్లు కూడా ఉన్నారు. శరీరంలోని రక్షణ శక్తే ఎదురుతిరిగి లివర్‌ను కొట్టడం వీరిలో చాలామందిలో కనిపించింది. శక్తి పెరగాలని తాగినది ఇలా చేసింది! ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనికి ఒప్పుకోలేదు. తిప్పతీగ క్షేమమైనదేననీ, దాన్ని పోలిన వేరే తీగ వాడి ఉండవచ్చనీ చెప్పింది. సరే, అలాగే అనుకుందాం. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో పొడి పొట్లం కొన్నప్పుడు అందులో ఏ తీగ ఉందో మనకెలా తెలుస్తుంది?

అశ్వగంధతో కూడా లివర్ దెబ్బతిన్న రోగులు మన దేశంలోనూ బయటా కనిపించారు. వాడినవారందరికీ ఇలా జరగదు. ఎవరికి జరుగుతుందో ముందుగా చెప్పలేకపోవడమే చిక్కు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు చూసుకుని వచ్చే మన కుర్రవాళ్లు ఈమధ్య జిమ్ పౌడర్ డబ్బా కూడా చంకన పెట్టుకొస్తున్నారు. మన దేశంలో అమ్మే 36 రకాల ప్రొటీన్ పౌడర్లను పరీక్షించి కేరళ డాక్టర్లు 2024లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ లెక్క సరిగా లేదు. కొన్నింటిలో సీసం కూడా ఉంది. రెండు గుడ్లు, ఒక గిన్నె పప్పు, ఒక గ్లాసు మజ్జిగ చాలు బాబూ అంటే మా మాట ఎవరు వింటారు!

ఇలాంటి డబ్బాల మీద వైద్యానికి వాడరాదని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. 2016 నిబంధనల ప్రకారం అవి ఆహారం కిందికే వస్తాయి. కాబట్టి "లివర్ శుభ్రం చేస్తుంది" అని అమ్మేవారి మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

టీబీ మాత్రలు వాడేవారు, హెపటైటిస్ బి లేదా ఫ్యాటీ లివర్ ఉన్నవారు, మద్యం అలవాటున్నవారు డాక్టరును అడగకుండా ఏ పొడీ ముట్టకూడదు. పౌలు తిమోతికి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడని మాకు గుర్తుచేసే అన్నయ్యలున్నారు. వారికి ఆ "కొంచెం" గుర్తుండదు.

ఇది చదివి గర్భవతులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానకండి. డాక్టరు రాసినవి రాసినట్టు వేసుకోవాలి. అయితే ఆ మాత్రలు చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి. బిళ్లలనుకుని గుప్పెడు మింగితే పసివారి లివర్‌కు, ప్రాణానికే ముప్పు.

ఆకలి చచ్చిపోవడం, వికారం, ఒళ్లంతా దురద, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే పొడులు, క్యాప్సూళ్లు వెంటనే ఆపి ఆసుపత్రికి రండి. డాక్టరు రాసిన మందుల సంగతి ఆయననే అడగండి. కామెర్లకు పసరు పోయించుకుంటూ వారం రోజులు పోగొట్టవద్దు. మాట తడబడినా, మగతగా ఉన్నా ఆ రాత్రే తీసుకురావాలి. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న డబ్బాలు, పొట్లాలు, ఖాళీ సీసాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని సిస్టర్‌కు చూపించండి. ఎవరూ కోప్పడరు.