గిటారు విప్పే ముందు

తుని,
ఆదివారం పొద్దున్న

అమ్మడూ,

ఆ ఆర్డరు ఇంకా పెట్టలేదు కదా? పెట్టి ఉంటే ముందు రద్దు చేసి, ఆ తర్వాత ఈ ఉత్తరం చదువు. రాక్ పాటలకి నీ గిటారు పల్చగా మోగుతోందనీ, మూడు పికప్పులూ పీకేసి బాగా బలమైనవి వేస్తే హాలు అదిరిపోతుందనీ మీ బ్యాండులో ఎవరు చెప్పారన్నావు? డ్రమ్ముల కుర్రాడా! వాడి డ్రమ్ములు ఎంత బిగించాలో నేనొచ్చి చెబితే వింటాడేమో ఓసారి అడుగు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన ఆరు వేలు. ఊరికే రాలేదు.

పికప్పు ఎలా పనిచేస్తుందో నేను చెప్పను. ఫారడేని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదానివి. అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట, పైన ఊగే ఉక్కు తీగ, అంతే సంగతి.

నువ్వు పంపిన రికార్డింగు నాలుగుసార్లు విన్నాను. ఫోటో అంతకంటే ఎక్కువసార్లు చూశాను. బ్రిడ్జి పక్కనున్న పికప్పు నూతిలో పడ్డట్టు లోపలికి దిగిపోయింది. మెడవైపుది మాత్రం తీగల్ని తాకేటట్టుంది. తీగ బ్రిడ్జి దగ్గర కొంచెమే ఊగుతుంది, మెడవైపు ఎక్కువ ఊగుతుంది. తక్కువ ఊగేచోట పికప్పు దగ్గరగా, ఎక్కువ ఊగేచోట దూరంగా ఉండాలి. నీ దాంట్లో తిరగబడింది. చివరి ఫ్రెట్ మీద తీగ నొక్కిపట్టి, తీగ అడుక్కీ అయస్కాంతం తలకీ మధ్య సందు కొలువు. బ్రిడ్జివైపు సన్నతీగ కింద 2 మిల్లీమీటర్లు, లావుతీగ కింద రెండున్నర దగ్గర మొదలుపెట్టు. మెడవైపుది అంతకంటే కిందికి దించు. పికప్పుకి అటూ ఇటూ ఉన్న స్క్రూలు తిప్పడమే పని. లావుతీగ మీద పైపైకి వెళ్తే రెండు స్వరాలు కొట్టుకుంటున్నట్టు ఉందన్నావే, అందులో ట్యూనర్ తప్పేమీ లేదు. దగ్గరకొచ్చేసిన అయస్కాంతం తీగని లాగుతోంది.

నవ్వుకుంటున్నావా, ఇంత చిన్నదానికి ఇంత ఉత్తరమా అని? చిన్నదని వదిలేసి నేనేం చేశానో చెబుతాను. మీ నాన్నకి కూడా తెలియదు.

1987. మా ఆర్కెస్ట్రాకి ఆ వేసవంతా తీర్థాలే తీర్థాలు. నా దగ్గరున్నది ఎవరో వాడి అమ్మేసిన గిటారు. ఓ రాత్రి పాట మధ్యలో బ్రిడ్జి పికప్పు చచ్చిపోయింది. మర్నాడు మీటరు పెడితే ముల్లు కదల్లేదు. తీగచుట్ట ఎక్కడో తెగింది. ఎక్కడ తెగిందో చూద్దామన్న ఆలోచన నాకు రాలేదు. రేడియోలు బాగుచేసేవాణ్ణి కదా, పొగరు. మళ్లీ చుట్టేస్తే సరిపోతుందనుకుని, అరుగు మీద కూర్చుని పాత చుట్టంతా ఊడదీయడం మొదలుపెట్టాను. అది సుమారు ఎనిమిది వేల చుట్ల వ్యవహారం. తీగ తలవెంట్రుక అంత, 0.06 మిల్లీమీటర్లు. మధ్యాహ్నానికి నా చుట్టూ రాగిజుట్టు గుట్టపడింది. అమ్మ అదేదో బూజనుకుని చీపురుతో ఊడ్చేసింది.

తాండవ వంతెన దాటి పాయకరావుపేటలో మోటార్లకి వైండింగు చేసే షాపుకి వెళ్లాను. అక్కడ దొరికిన సన్నతీగ సీలింగుఫ్యానుకి వాడేది, మనకి కావలసినదానికి మూడు రెట్లు లావు. తొమ్మిది వందల చుట్లకే బాబిన్ నిండిపోయింది. ఆరు వేల ఓములు చూపించాల్సిన మీటరు డెబ్బయ్యో ఎనభయ్యో చూపించింది. ఆంప్లిఫయరుకి తగిలిస్తే గాదెలో ఎలక కూసినట్టు వినబడింది. ఆ సీజనంతా మెడ పికప్పుతోనే నెట్టుకొచ్చాను.

అసలు బాధ అది కాదు. ఊడదీసిన తీగలో మొదటి జానెడు ముక్క ఒకటి చొక్కా గుండీకి చిక్కుకుని మిగిలింది. రాత్రి దీపం కింద చూస్తే దాని కొస పచ్చగా చిలుమెక్కి ఉంది. చేతి చెమట. తెగింది అక్కడే, టంకం వేసిన చోట! చిలుము గీకి, కాస్త టంకం వేసి ఉంటే రెండు నిమిషాల పని. బయటి చుట్టులో ఉన్న జబ్బు కోసం ఎనిమిది వేల చుట్లు ఊడదీసిన మొనగాణ్ణి నేను. అప్పట్నుంచీ ఏ వస్తువైనా విప్పేముందు కొలుస్తాను. మార్చితే ఒకసారి ఒకటే మారుస్తాను, మార్చాక మళ్లీ కొలుస్తాను. మీ నాన్నమ్మ మిక్సీ బాగుచేసేటప్పుడు కూడా ఇదే తంతు. ఆవిడకి విసుగు.

సరే, నీ పల్చదనం సంగతి. నీ దగ్గరున్నవి సింగిల్ కాయిల్స్, ఒక్కో పికప్పుకి ఒక్కటే చుట్ట. పికప్పు తీగచుట్టకీ, ఆంప్లిఫయరుదాకా వెళ్లే కేబులుకీ పొత్తు కుదిరి ఒకచోట ధ్వని మొనదేలుతుంది. మామూలు సింగిల్ కాయిల్‌కి ఆరేడు మీటర్ల కేబులు తగిలిస్తే ఆ మొన సుమారు 4 వేల హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అందుకే ఆ గాజుగాజు మోత. చుట్లు పెంచేకొద్దీ మోత పెరుగుతుంది గానీ మొన కిందికి జారుతుంది. బాగా ఎక్కువ చుట్టిన సిరామిక్ అయస్కాంతం పికప్పులో రెండువేల పైచిలుకు దగ్గరికే దిగిపోవచ్చు. మాటలో అచ్చులుండి హల్లులు మాయమైనట్టన్నమాట. పెట్టె మీద రాసిన కిలో ఓముల అంకె చూసి మోసపోకు. ఆ అంకె తీగ పొడవూ సన్నదనం గురించి చెబుతుంది, పాట గురించి చెప్పదు. మన తుని మార్కెట్టులో కార్బైడు పెట్టి పండించిన మామిడికాయ చూశావుగా, రంగుకి రంగు ఉంటుంది, ముట్టె దగ్గర కొరికితే పులుపు. ఇలా ఎక్కువ చుట్టిన పికప్పుల్లో చవకవి కొన్ని అలాంటివే. అన్నీ అనను. మెటల్ వాయించేవాళ్లకి అవే కావాలి.

నువ్వు వాయించేది మెటల్ కాదు కదా? అసలు నీ చెవిలో ఉన్న మోత ఏది? ఉత్తరమంతా వెతికాను, ఎక్కడా రాయలేదు. ‘బెటర్ టోన్’ అని రాశావు. దాన్ని పట్టుకుని నేనేం చెయ్యను?

మాండలిన్ శ్రీనివాస్ గుర్తొస్తాడు నాకు ఇలాంటప్పుడల్లా. మన గోదావరి వాడే, 1969లో పాలకొల్లులో పుట్టాడు. మాండలిన్ అంటే జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. మీటితే టింగుమని ఆరిపోతుంది. అది సినిమా పాటల్లో ఒక చిలకరింపుకి పనికొచ్చే వాద్యం అనుకునేవాళ్లం, నేనూ అనుకున్నాను. ఆయనకి సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారు పాడి చెప్పేవారు. కాబట్టి పిల్లవాడి చెవిలో ఉన్నది మాండలిన్ మోత కాదు, గొంతు. గొంతులో గమకం సాగుతుంది, స్వరం నుంచి స్వరానికి జారుతుంది. ఎనిమిది తీగల డొల్ల మాండలిన్‌లో ఆ జారేలోపే నాదం చచ్చిపోతుంది. అందుకని ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు, జంటతీగలు వదిలేసి ఒంటితీగలు కట్టుకున్నాడు, మంద్రానికి ఐదోతీగ చేర్చుకున్నాడు. గట్టిచెక్కలో తీగ ఊపు త్వరగా కరిగిపోదు, మిగిలిన సన్నని ఊపుని కూడా పికప్పు పట్టి చెవిదాకా తెస్తుంది. ఒంటితీగ అయితే వేలు జారించడానికీ, పక్కకి లాగడానికీ తేలిక. సంప్రదాయవాదులు మొదట్లో ముఖం చిట్లించారు. తొమ్మిదేళ్ల వయసులో, 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కూర్చుని వాయించాడు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ప్రపంచమంతా వాయించాడు. రేడియోలో ఆయన కచేరీ వస్తే నేను షాపు షట్టరు సగం దించేసేవాణ్ణి.

తమాషా ఏమిటంటే ఆ 1978లోనే అమెరికాలో వాన్ హేలెన్ మొదటి రికార్డు వచ్చింది. ఆ బ్యాండు గిటారిస్టు ఎడ్డీ చేసిందీ అలాంటి పనే. స్ట్రాట్ ఆకారం ఒంట్లోకి గిబ్సన్ హంబకర్, అంటే రెండు చుట్టల పికప్పు, ఒకటి దించాడు, ఈల వెయ్యకుండా దాన్ని కరిగిన మైనంలో ముంచాడు. ఒకే పికప్పు, ఒకే నాబు. ఇంకోవైపు హెండ్రిక్స్ని చూడు. నీ గిటారులాంటి సింగిల్ కాయిల్సే, బలం తక్కువవి. ఆ మోతంతా పెంచేసిన ఆంప్లిఫయరులోదీ, ఆ చేతిలోదీ. నీది పదివాట్ల పెట్టె, అరచేతిలో పట్టే స్పీకరు. ఆ స్పీకరు ముందు ఏ పికప్పు పెట్టినా అది తన గొంతుతోనే మాట్లాడుతుంది. కాలేజీ ఆడిటోరియంలో పెద్ద ఆంప్లిఫయరు ఉందన్నావుగా. ముందు దానికి తగిలించి విను, గెయిన్ నువ్వు అనుకున్నదాంట్లో సగానికి దించి విను.

గుయ్యిమనే రొద గురించి అడిగావు. అందులో రెండు రకాలున్నాయి, జనం కలిపేస్తారు. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గే చిరచిర ఒకటి. దానికి లోపలి గుంటంతా రాగిరేకు అతికించి గ్రౌండుకి కలిపితే చాలావరకు పోతుంది. రెండోది కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గుయ్యి, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి, ట్యూబులైటు చోకు నుంచి వచ్చేది. దీన్ని రాగిరేకు ఆపలేదు. పందిట్లో జనరేటరు పక్కన నిలబడి వాయించినవాడికి అడుగు దాని సంగతి! గిబ్సన్‌లో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో దానికి విరుగుడు కట్టాడు. రెండు చుట్టల్ని ఎదురెదురుగా కలిపి, అయస్కాంతాల దిక్కు కూడా తిప్పితే, గుయ్యి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, పాట మాత్రం కలుస్తుంది. హంబకర్ అంటే అదే. నీ స్విచ్చిని రెండో చోటా నాలుగో చోటా పెట్టి చూడు, గుయ్యి తగ్గితే నడిమి పికప్పు తిరగచుట్టినదన్నమాట. అదీ ఒక కొలతే.

కానీ ఖర్చు లేని పని ఇంకొకటి. పాతకాలపు స్ట్రాట్ వైరింగులో బ్రిడ్జి పికప్పుకి టోన్ నాబు పనిచెయ్యదు. నీదీ అలాంటిదేమో తిప్పి చూడు. మార్పు లేకపోతే స్విచ్చి మీద జానెడు వైరు ఒకటి అదనంగా కలిపి కింది టోన్ నాబుని దానికి అంటగట్టొచ్చు. ఆ కీచుదనం సగం అక్కడే తగ్గుతుంది.

ఇన్నీ చేశాక కూడా గిటారు కండ పట్టలేదనిపిస్తే, అప్పుడు కొను. మూడూ వద్దు, బ్రిడ్జిది ఒక్కటి. ఆల్నికో 5 అయస్కాంతం ఉన్న మధ్యరకం హంబకర్, ఎనిమిది తొమ్మిది కిలో ఓములది. ముందు రేకు విప్పి లోపలి గుంట చూడు. పెద్ద హంబకర్ పట్టేంత తవ్వి ఉందా, లేక సింగిల్ కాయిల్ మందమే ఉందా? అంతే ఉంటే సింగిల్ కాయిల్ కొలతలోనే వచ్చే హంబకర్ తీసుకో. చెక్కని ఉలితో తవ్వుతానని మాత్రం అనకు. వాల్యూమ్ నాబు కింది పాట్ ఇప్పుడు 250 కిలో ఓములదై ఉంటుంది, హంబకర్‌కి 500 వేస్తే గొంతు తెరుచుకుంటుంది. కాకపోతే మిగతా రెండూ కాస్త పదునెక్కుతాయి, టోన్ నాబు తగ్గించుకో.

టంకం పని హాస్టల్ మంచం మీద చేస్తానన్నావు చూడు, అది చదివి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పరుపు మీద టంకం కడ్డీ! మీ ల్యాబులో బల్లలు లేవా? విప్పేముందు ఫోటో తియ్యి, కాగితం మీద గీసుకో కూడా. పాత పికప్పు వైర్లు కత్తిరించకు, టంకం కరిగించి ఊడదియ్యి. కత్తిరిస్తే, రేపు పాతదే బాగుందనిపించినప్పుడు పొట్టివైర్లతో ఏడవాలి. పాట్ వీపు మీద టంకం పట్టడంలేదని కడ్డీని నిమిషంసేపు అదిమిపెట్టకు, లోపలి కార్బన్ పట్టీ మాడుతుంది. వీపుని ముందు ఇసుకకాగితంతో గీకు.

లేదంటే దసరాకి గిటారు ఇక్కడికే తీసుకురా. అరుగు మీద ఇద్దరం కూర్చుందాం. ఈలోపు ఎత్తులు సరిచేసి, అదే పాట, అదే ఆంప్లిఫయరు, అవే నాబులు పెట్టి ఇంకో రికార్డింగు పంపు. ఎవరి మోత కావాలో కూడా రాయి, పాట పేరుతో సహా. వచ్చేటప్పుడు కాకినాడలో 9 వోల్టుల బ్యాటరీ ఒకటి తెచ్చిపెట్టు, నా మీటరుది అయిపోయింది. మీ నాన్నమ్మ కాజాలు కూడా తెమ్మంటోంది, నాకు తెలియకుండా తినడానికి.

మీ చిన్న తాతయ్య