లేజర్ పరిశోధనలోకి వస్తున్న మేనల్లుడికి

లేజర్ రంగంలో కొత్త ఫలితం చాలాసార్లు ముందు సదస్సులో వినిపిస్తుంది, ఆ తర్వాతే పత్రికలో అచ్చవుతుంది. అమెరికాలో ఏటా జరిగే క్లియో అందుకు పెద్ద వేదిక. లేజర్ పరికరాలు చేసేవాళ్లూ, వాటి వెనకున్న భౌతికశాస్త్రం తేల్చేవాళ్లూ అక్కడ కలుస్తారు. మామూలు గడువు దాటాక తేలిన ముఖ్య ఫలితాలకు పోస్ట్‌డెడ్‌లైన్ పేరుతో విడిగా సమావేశం ఉంటుంది.

సదస్సు పత్రం చిన్నది, మహా అయితే రెండు మూడు పేజీలు. అందుకే చదివేటప్పుడు అంకెల దగ్గర ఆగాలి. 1 మిల్లీజౌల్ శక్తి 100 ఫెమ్టోసెకన్ల పల్స్‌లో ఇమిడితే పీక్ పవర్ సుమారు 10 గిగావాట్లు. అదే లేజర్ సెకనుకు 1000 పల్స్‌లు ఇస్తే సగటు పవర్ 1 వాట్ మాత్రమే. పత్రం ఏ పవర్ గురించి గొప్పగా చెబుతోందో ముందు తేల్చుకోవాలి. పల్స్ వ్యవధి ఇంకా సున్నితమైన సంగతి. దాన్ని కొలిచే ఆటోకోరిలేషన్ పద్ధతి పల్స్ ఆకారాన్ని నేరుగా చూపదు. గాసియన్ అనుకుంటే వచ్చిన వెడల్పును 1.41తో, సెక్ స్క్వేర్ అనుకుంటే 1.54తో భాగిస్తారు. ఏది అనుకున్నారో రాయకపోతే ఆ వ్యవధిని నమ్మడం కష్టం.

క్లుప్తంగా రాయడం లోపమేమీ కాదు. 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూ ఆప్టిక్స్ కమ్యూనికేషన్స్‌లో అచ్చువేసిన పత్రం మూడు పేజీలే. పల్స్‌ను 1.4 కిలోమీటర్ల ఫైబర్‌లో సాగదీసి, శక్తి పెంచి, గ్రేటింగ్‌లతో మళ్లీ కుదించి, మిల్లీజౌల్ స్థాయిలో 2 పికోసెకన్ల పల్స్ సాధించారు. అప్పటికి స్ట్రిక్‌లాండ్ రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని. అది ఆమె తొలి పత్రం. 2018లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది ఆ పనికే. ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతివారూ మొదట చదవాల్సిన పత్రం అదే.

తిరస్కారం వచ్చినా కుంగిపోనక్కర్లేదు. 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబులో థియొడోర్ మైమన్ రూబీ లేజర్‌ను వెలిగించాడు. ఆ సంగతి రాసి పంపితే ఫిజికల్ రివ్యూ లెటర్స్ తిప్పికొట్టింది. ఆగస్టు 6న నేచర్ వేసింది. పేజీ అయినా నిండని రచన అది. ఈలోగా జులైలో విలేఖరులకు ఇచ్చిన ఫొటోలో ఉన్నది మొదట వెలిగిన పరికరం కాదు, రూబీకి వెలుగు అందించే దీపం అంతకన్నా పెద్దగా ఉన్న మరొకటి. దాన్ని చూసి ఇతర ప్రయోగశాలలు పెద్ద దీపాలతో ప్రయత్నించాయి, వాళ్లకూ లేజర్ వెలిగింది. వేరేచోట మళ్లీ వెలిగాకే సందేహాలు తీరతాయి.

అందుకే సదస్సు పత్రాన్ని పత్రికకు పెంచి రాసేటప్పుడు ముందుమాట కన్నా ప్రయోగ వివరమే పెరగాలి: ఏ క్రిస్టల్, ఎంత పంప్ పవర్, పుంజం వ్యాసమెంత, ఎన్ని గంటలు నిలకడగా నడిచింది, ఏ అమరికలో విఫలమైంది. ఈ చివరి సంగతి అచ్చులో అరుదు. పోస్టర్ దగ్గర నిలబడి మర్యాదగా అడిగితే, పని చేసిన విద్యార్థే చెబుతాడు.

ఆశీస్సులతో,
మామయ్య