ర్యాక్ కట్టే కుర్రాళ్లకు కేజీఎఫ్ నుంచి కొన్ని పాఠాలు

ఈమధ్య మా పక్క కుర్రాళ్లకు మళ్లీ పాత గిటారు ర్యాక్ సామాను మీద మోజు పుట్టింది. ప్రీఆంపుల్లో ఏడీఏ ఎంపీ-1, మార్షల్ జేఎంపీ-1, ఎఫెక్టుల్లో యమహా ఎస్‌పీఎక్స్ 90, అలెసిస్ క్వాడ్రావెర్బ్. అన్నీ 1985కీ 1992కీ మధ్య వచ్చిన పెట్టెలే. ఎక్కడెక్కడివో తెచ్చి, 19 అంగుళాల చట్రంలో ఒకదాని మీద ఒకటి బిగించి, తీరా స్విచ్ వేశాక కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనుల ఊరు, రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంటికొస్తారు. "అంకుల్, వీడియోలో విన్న సౌండ్ రావడంలేదు" అంటారు.

ఇక్కడ గిటారు వాయించేవాడికి ర్యాక్ అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. కేజీఎఫ్ ఆర్కెస్ట్రా అంటే ఒక్క భాషతో జరగదు. ఆండర్సన్‌పేటలో తమిళ పాట అడుగుతారు, కర్ణాటక రాజ్యోత్సవానికి కన్నడ పాట లేకుండా కుదరదు, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు వెళ్తే తెలుగు. 1987లో హంసలేఖ 'ప్రేమలోక', 1989లో ఇళయరాజా 'గీతాంజలి', 'శివ' వచ్చాక ఒక్క రాత్రిలోనే గిటారు నాలుగైదు రకాలుగా పలకాల్సి వచ్చింది. ఒక పాటకు తేటగా, కోరస్ వేసి. తర్వాతి పాటకు గరగరమనే లీడ్. కాలితో ఒక్క నొక్కు నొక్కితే మొత్తం మారిపోవాలి. ఆ పని చేసేది మిడి ఉన్న ర్యాక్, అంటే కాలి స్విచ్ పంపే నంబరుతో పెట్టెలన్నీ ఒకేసారి మారేది. మాకది షోకు కాదు, కూలికి పనికొచ్చే పనిముట్టు. అందుకే నా పాఠాల్లో బ్రాండ్ల గొప్పలు తక్కువ, తీగల గొడవ ఎక్కువ.

1. వెనక నుంచి ముందుకు కొను.

అందరూ ముందు ప్రీఆంప్ కొంటారు, తర్వాత ఎఫెక్టులు, చేతిలో మిగిలిన చిల్లరతో స్పీకరు. నువ్వు తిరగేసి చెయ్యి. మంచి స్పీకరు, దానికి తగిన డబ్బా ముందు. తర్వాత పవర్ ఆంప్, ఆ తర్వాత ప్రీఆంప్. ఎఫెక్టులు చిట్టచివర. నాసిరకం స్పీకరు ముందు ఎంపీ-1 పెట్టినా, మామూలు పెడల్ పెట్టినా ఒకేలా వినపడుతుంది. పవర్ ఆంప్ కూడా 100 వాట్లది కావాలని పట్టుబట్టకు. ఈఎల్84 వాల్వులతో పక్కకు 20 వాట్లిచ్చే ఒక యూనిట్ ఎత్తు పెట్టెలను మార్షల్, మీసా రెండూ చేశాయి. మన కల్యాణమంటపాలకు అవి చాలు.

2. కరెంటు ఎలాంటిదో చూసుకో.

కరెంటు సంగతి కేజీఎఫ్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. బెంగళూరుకంటే ముందే, 1902లో, శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల లైను లాగి మన గనులకు జలవిద్యుత్తు తెచ్చారు. అది 25 సైకిళ్ల (హెర్ట్జ్) కరెంటు. ఈ ముక్క చరిత్ర కోసం చెప్పడంలేదప్పా. సైకిళ్లు తగ్గేకొద్దీ అదే వోల్టేజికి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుము ఎక్కువ కావాలి. అందుకే ఆ కాలపు ట్రాన్స్‌ఫార్మర్లు అంత బరువు. ఇదే లెక్క నీ ర్యాక్‌కూ వర్తిస్తుంది. అమెరికాలో 60 సైకిళ్లు, మనకు 50. అచ్చంగా 60కే లెక్కగట్టి చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 మీద నడిపితే దాని ఇనుము మీద అయిదో వంతు భారం పెరుగుతుంది, వేడెక్కుతుంది. కొన్న పెట్టె వెనకపలక మీద ఎన్ని వోల్టులు, ఎన్ని సైకిళ్లు అని రాసుందో చదివాకే ప్లగ్గు పెట్టు. జపాన్ లోకల్ మార్కెట్ సరుకు 100 వోల్టులది, అమెరికా సరుకు 120ది. రెండిటినీ ఒకే స్టెప్‌డౌన్ మీద పెడితే జపాన్‌ది ఉడికిపోతుంది. క్వాడ్రావెర్బ్ అడాప్టరు 9 వోల్టుల ఏసీ, డీసీ కాదు. ఇంట్లో ఉన్న ఏదో 9 వోల్టుల అడాప్టరు తగిలిస్తే పెట్టె పలకదు.

జాతరలో, పెళ్లిలో జనరేటరు మీద వాయిస్తుంటే ర్యాక్ ప్లగ్గు పెట్టేముందు మల్టీమీటరు తియ్యి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 దరిదాపుల్లో ఉండాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే అనుమానించు. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ వదులైతే నీ ప్లగ్గులోకి 400కు దగ్గరగా ఎంతైనా రావచ్చు. లైట్లవాడు "ఏం పర్లేదన్నా" అంటాడు. వాడి బల్బు ఖరీదెంత, నీ ర్యాక్ ఖరీదెంత?

3. ఎర్త్ లేనిచోట వాయించకు.

కోలారు జిల్లాలో భూమి ఎండిపోయి ఉంటుంది. బోరు వెయ్యి అడుగులు దిగినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. ఇలాంటి నేలలో ఎర్త్ రాడ్ కొట్టి వదిలేస్తే ఎండాకాలానికి అది పేరుకే ఎర్త్. బొగ్గు, ఉప్పు వేసి గుంత కట్టించు. వేసవిలో వారానికోసారి బిందెడు నీళ్లు పొయ్యి. గని కార్మికులుండే మైనింగ్ లైన్ల పాత ఇళ్లలో మూడో పిన్నుకు తీగే ఉండదు చాలాచోట్ల, చూసుకో.

ఇప్పుడు హమ్, అంటే స్పీకరులో ఆగకుండా వచ్చే మోత. ర్యాక్ కట్టిన ప్రతివాడూ దీనితోనే చస్తాడు. హమ్ ఎక్కడిదో చెవితోనే పట్టొచ్చు, గిటారు నీ చేతిలోనే ఉందిగా. లావు తీగ మూడో ఫ్రెట్ మీద మోగే జి స్వరం 98 హెర్ట్జ్. హమ్ ఆ జి పక్కనే, ఓ వెంట్రుక పైన ఉంటే అది 100 హెర్ట్జ్. అంటే ఏదో పెట్టెలో ఫిల్టరు కెపాసిటర్లు ఎండిపోయాయి, ముప్పై ఏళ్లు దాటిన సరుకులో ఇది మామూలే. అదే జికి ఒక స్థాయి కింద బొంయ్‌మంటుంటే 50 హెర్ట్జ్. చాలాసార్లు అది ఎర్త్ లూప్, అంటే రెండు పెట్టెలు రెండు దారుల్లో ఒకే ఎర్త్‌ను పట్టుకోవడం. ఒక్కొక్క సిగ్నల్ తీగా పీకుతూ పో, ఏది పీకితే ఆగిందో అక్కడుంది దొంగ.

దొరికాక ఏం చేస్తావన్నదే అసలు పరీక్ష. ప్లగ్గు మూడో పిన్ను విరిచేస్తే హమ్ పోతుంది. పోతుంది కాబట్టే ఊరంతా ఆ పని చేస్తుంది. ఆ పెట్టెలో ఎప్పుడైనా ఫేజు బాడీకి తగిలితే అది నీ గిటారు తీగల్లోకి వస్తుంది, నీ పెదవి ముందు మైకు వేరే ఎర్త్ మీద ఉంటుంది. కరెంటు నీ ఒంట్లోంచి పోతుంది. మూడో పిన్ను జోలికి పోకు. సిగ్నల్ దారిలో ఒకటికి ఒకటి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టు. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో అడిగితే దొరుకుతుంది.

4. మూత తీసేముందు.

వాల్వు పవర్ ఆంప్‌లో 400 వోల్టుల పైన కూడా ఉండొచ్చు. ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో అది కూర్చునే ఉంటుంది. రెసిస్టరుతో దించి, మీటరుతో చూసి, అప్పుడు చెయ్యి పెట్టు. రాకపోతే వచ్చినవాడికివ్వు. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్ ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఆంప్ ఓములకు స్పీకరు ఓములు సరిపోయేలా చూడు: 8 ఓముల డబ్బాలు రెండు సమాంతరంగా వేస్తే 4, వరసగా వేస్తే 16.

5. సౌండ్ పెట్టెల్లో పాడవదు, పెట్టెల మధ్య పాడవుతుంది.

నా దగ్గరికొచ్చే ర్యాకుల్లో ఎక్కువ భాగానికి రోగం ఇదే. ఒక పెట్టె స్టూడియో లెవెల్‌లో మాట్లాడుతుంది, అంటే ప్లస్ 4, దాదాపు 1.23 వోల్టులు. ఇంకోటి ఇంటి సామాను లెవెల్, మైనస్ 10, అంటే 0.316 వోల్టు. రెండిటికీ నాలుగు రెట్ల తేడా. పెద్దది చిన్నదానిలోకి పోతే చిరుగుతుంది, చిన్నది పెద్దదానిలోకి పోతే బుస్సుమనే శబ్దం తప్ప ఏం రాదు. ఎస్‌పీఎక్స్ 90 వెనకపలక మీద మైనస్ 20, ప్లస్ 4 అని బుల్లి స్విచ్చులుంటాయి. ర్యాక్‌లోకి తోశాక వాటిని చూసేవాడే ఉండడు. ముందు దాన్ని బయటికి లాగు. నీ దగ్గరున్న అన్నిట్లోకీ గట్టి ప్రీసెట్ పెట్టు, ఆరు తీగలూ గట్టిగా గీకు. ముందు పలక మీద మీటరు ఎర్రదీపం అప్పుడప్పుడు మెరిసి ఆరిపోవాలి. అలా వచ్చేదాకా ఇన్‌పుట్ తిప్పి, అక్కడ పెయింటుతో చుక్క పెట్టు. తర్వాత పెట్టెకు వెళ్లు. ఇది అయ్యేదాకా ఈక్యూ ముట్టుకోకు. "ఇంకొంచెం ట్రెబుల్" అనుకునే చాలా జబ్బులు ఈ ఒక్క వైద్యంతోనే కుదురుతాయి.

ఇంకోటి. ఎస్‌పీఎక్స్ 90 లాంటి తొలితరం డిజిటల్ పెట్టెలో నీ గిటారు మొత్తాన్నీ ముంచి తియ్యకు. అది 12 కిలోహెర్ట్జ్ పైన ఏదీ పలకదు. చిన్న లైన్ మిక్సరు పెట్టి, పచ్చి గిటారును తిన్నగా పోనిచ్చి, ఎఫెక్టుతో తడిసిన శబ్దాన్ని పక్క నుంచి కలుపు.

6. వాల్వులన్నీ ఒకేసారి మార్చకు.

ఎంపీ-1లోనూ జేఎంపీ-1లోనూ ఉన్నవి రెండేసి 12ఏఎక్స్7 వాల్వులే. ఆన్‌లో ఉండగా పెన్సిల్ వెనకవైపుతో ఒక్కొక్కదాన్నీ మెల్లగా తట్టు. మంచిది టిక్కుమని ఊరుకుంటుంది. చెడ్డది గంటలా మోగుతుంది, అదొక్కటీ మార్చు. గనులు నడిచిన రోజుల్లో మాకు పెన్సిలు కూడా అక్కర్లేకపోయింది. కింద ఎక్కడో బండ పగిలితే పైన కిటికీలు గలగలమనేవి, దాంతోపాటు చెడ్డ వాల్వు స్పీకర్లో తన పేరు తానే చెప్పేది. 2001 ఫిబ్రవరిలో గనులు మూశారు, ఆ సౌకర్యమూ పోయింది. బెంగళూరు బీఈఎల్‌వాళ్లు ఒకప్పుడు రేడియో వాల్వులు చేసేవారు. పాత రేడియో షాపుల్లో కనిపిస్తే వదలకు.

7. సైనైడ్ దిబ్బల దుమ్ము.

గాలికాలంలో గనుల వ్యర్థం పోసిన ఈ దిబ్బల మీద నుంచి లేచే ఆ తెల్లటి పొడి పిండికంటే మెత్తన. ఫ్యాను ఉన్న పెట్టె దాన్ని లోపలికి పీలుస్తుంది. నాబ్ తిప్పితే కరకరలాడటం, జాక్ కదిపితే సౌండ్ పోవడం చాలామటుకు దీని పుణ్యమే. ఫ్యాను ముందు స్పాంజి, ర్యాక్‌కు ముందూ వెనకా మూతలు, ఏడాదికోసారి కాంటాక్ట్ క్లీనరు.

8. సౌండ్ పట్టేది బ్యాండుతో, స్టేజి మీద వాయించేంత వాల్యూంలో.

ఇంట్లో రాత్రి మెల్లగా వాయిస్తూ కట్టిన ప్రీసెట్ స్టేజి మీద పనికిరాదు. తక్కువ శబ్దంలో మన చెవికి బేసు, ట్రెబుల్ తక్కువ వినిపిస్తాయి. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చెప్పారు ఈ సంగతి. ఇంట్లో ఆ రెండూ పెంచి, మిడ్ తగ్గించి, "ఆహా" అనుకుంటావు. స్టేజి మీద అదే సౌండు బేసు గిటారులో, సింబల్‌లో కలిసిపోయి, నువ్వు వాయిస్తున్నావో లేదో ఎవడికీ తెలియదు. ఆర్కెస్ట్రాలో కీబోర్డువాడు రెండు చేతులతో ఊరంతా ఆక్రమించుకుని ఉంటాడు. నీకు మిగిలే చోటు నడిమి మిడ్‌లోనే. ఈక్యూ అంతా సగంలో పెట్టుకుని మొదలుపెట్టు. 100 హెర్ట్జ్ కింద కోసెయ్యి, మిడ్ కొంచెం పెంచు. గెయిన్ చాలు అనిపించినచోట నుంచి ఇంకొంచెం వెనక్కి తిప్పు. లీడ్ వినపడాలంటే గెయిన్ కాదు, వాల్యూం పెంచాలి.

డిలేకు చెవి లెక్క వద్దు. అరవై వేలను పాట టెంపోతో భాగించు. నిమిషానికి 96 దెబ్బలైతే 625 మిల్లీసెకన్లు, దాని ముప్పావు 469. కల్యాణమంటపంలో రివర్బ్ గోడలే ఇస్తాయి, నువ్వు వెయ్యకు. కోరస్ స్టీరియోలో కట్టినా మోనోలో విని చూడు. మన ఊళ్ల సౌండ్ సర్వీసులు చాలామటుకు మోనోయే, నువ్వు ముచ్చటపడిన ఆ వెడల్పు అందులో సగం కొట్టుకుపోతుంది.

9. మిడి నంబర్లు.

కొన్ని పెట్టెలు 0 నుంచి 127 దాకా లెక్కపెడతాయి, కొన్ని 1 నుంచి 128. కాలి దగ్గర 5 నొక్కితే పైన 4 వస్తే కంగారుపడకు, పాడవలేదు. ఎస్‌పీఎక్స్ 90లో మొదటి 30 కంపెనీవి, 31 నుంచి 90 దాకా నీవి. ఏ నంబరుకు ఏది రావాలో దాని పట్టికలోనే రాసుకోవచ్చు. మెమరీ నిలబెట్టే 3 వోల్టుల లిథియం బ్యాటరీని కొన్నిటిలో టంకం వేసి ఉంటారు. మార్చేముందు ప్రీసెట్లన్నీ నోటుబుక్కులో రాసుకో. అలా రాయని ఒక కుర్రాడు పెళ్లి సీజను ముందురోజు అన్నీ పోగొట్టుకుని మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

ఈ బాధలన్నీ ఎందుకు, డిజిటల్ పెడల్‌బోర్డు కొనుక్కోవచ్చు కదా అని అడుగుతారు. కొనుక్కో. వినేవాళ్లలో నూటికి తొంభైమందికి తేడా తెలియదు. అయితే అది చెడితే బోర్డు మార్చాలంటారు, ఎంపీ-1 చెడితే మా ఇంట్లో బాగవుతుంది. నా పక్షపాతం అంతవరకే.

10. ఒకే పెద్ద ర్యాక్ కట్టకు.

మారికుప్పంలో తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కేవాళ్లను అడుగు. ఆఫీసు సంచికే చోటుండదు, 16 యూనిట్ల ర్యాక్ ఎక్కడ పెడతావు? ఒక యూనిట్ అంటే అంగుళం ముప్పావు ఎత్తు. పవర్ ఆంప్ ఒక్కటీ నాలుగు యూనిట్ల పెట్టెలో, మిగతావి ఆరింటిలో. బరువైన ఆంప్‌కు ముందు చెవులు చాలవు, వెనక కూడా ఆనిక బిగించు, లేకపోతే ఆటో గుంతల్లో పడ్డప్పుడు ముందు పలక వంగిపోతుంది. వాల్వుల పైన ఒక యూనిట్ ఖాళీ వదులు. ఆ ఖాళీలో తీగలు కుక్కకు.